ఆటగాడికి పాటెందుకు అనేవాళ్ళకి

‘హాయిగా ఆట ఆడుకోక వీళ్ళకి పాటలెందుకండీ?’ ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళు కొంతమంది రాప్ పాటలు రాసి పాడుతుంటారు. పాట ఎలా ఉందో చెప్పేవాళ్ళు తక్కువ. ‘నీ పని నువ్వు చూసుకో’ అనేవాళ్ళే ఎక్కువ. మా ఇంట్లో పిల్లలిద్దరికీ ఆ ఆట పిచ్చి, అందుకని ఈ గోలంతా నా చెవిన కూడా పడుతోంది. చెవిన పడ్డాక ఊరుకునే మనిషిని కాదని మీకు తెలుసు కదా.

ఎక్కడో అమెరికా ఆటగాళ్ళ గొడవ మనకెందుకు అంటారా? కాస్త ఓపిగ్గా చివరిదాకా చదవండి. ఆ మాట వాళ్ళని అన్నట్టే ఉంటుంది గానీ, మనందరం మన వంటింట్లో నిలబడి విన్న మాటే అది.

ముందు రాప్ అంటే ఏమిటో రెండు ముక్కలు చెబుతాను. తాళానికి తగ్గట్టు ప్రాస కలుపుతూ మాటలు గుక్క తిప్పుకోకుండా చెప్పడం. మన బుర్రకథలో కథకుడు వేగం అందుకున్నప్పుడు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి, విషయం సులువుగా అర్థమవుతుంది. ఈ సంగీతం పుట్టిన కథ కూడా నాకు భలే ఇష్టం. 1973 ఆగస్టులో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, స్కూలుకి కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బులు కావాలని తాము ఉండే అపార్ట్‌మెంట్లో పార్టీ పెట్టింది. పాటలు వేసింది ఆమె అన్న కూల్ హెర్క్. హిప్ హాప్ పుట్టినరోజంటే ఆ రోజే అని చెప్పుకుంటారు. అన్న పేరు అందరికీ తెలుసు, పార్టీ పెట్టిన చెల్లెలి పేరు చాలామందికి తెలియదు. ఆ సంగతి ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఆటగాళ్ళు ప్రాసలు చెప్పడం అంతకంటే పాతది. మహమ్మద్ అలీ ఇంకా కాసియస్ క్లేగా ఉన్నప్పుడు, 1963లోనే, తన గొప్పలు తనే ప్రాసలో చెప్పుకుంటూ ఒక రికార్డు వదిలాడు. అప్పటికింకా అతను హెవీవెయిట్ ఛాంపియన్ కూడా కాలేదు! కాబట్టి ఇదేదో ఈ కాలం కుర్రాళ్ళకి పట్టిన కొత్త పిచ్చి కాదు.

ఇక వెక్కిరించేవాళ్ళు చెప్పే కారణాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, ‘రెండు పడవల మీద కాళ్ళు పెడితే నీళ్ళలో పడతాడు, పాటల ధ్యాసలో ఆట చెడుతుంది’ అని. షకీల్ ఓనీల్ సంగతి చూడండి. ఏడడుగుల పైన ఉండే మనిషి, అందరూ షాక్ అని పిలుస్తారు. 1992లో ఓర్లాండో జట్టులో చేరాడు. 1993లో మొదటి రాప్ ఆల్బమ్ ‘షాక్ డీజిల్’ తెచ్చాడు. అది అమెరికాలో ప్లాటినమ్ అయింది, అంటే పది లక్షల లెక్క. మరి ఆట చెడిందా? పాటలు లేని మొదటి సీజన్లో ఆటకి సగటున 23 పాయింట్ల చిల్లర చేసిన మనిషి, ఆల్బమ్ వచ్చిన సీజన్లో 29 పాయింట్ల చిల్లర చేశాడు. ఆ తర్వాత నాలుగుసార్లు ఛాంపియన్ జట్టులో ఉన్నాడు.

షాక్‌కి ఒక పెద్ద లోపం ఉంది, ఫ్రీ త్రోలు. ఎవరూ అడ్డం రాకుండా గీత దగ్గర నిలబడి వేసే బంతులన్నమాట. అవి వేస్తే దాదాపు సగమే పడేవి. పాటలు మానేసి అవి నేర్చుకోవచ్చుగా అనడం ఎంత సులువో! కానీ లెక్క చూడండి. మొదటి ఆల్బమ్ వచ్చిన సీజన్లో 55 శాతం పడ్డాయి. 1998 తర్వాత అతని రాప్ ఆల్బమ్ ఏదీ బయటికి రాలేదు. 2006-07కి వచ్చేసరికి ఆ 55 కాస్తా 42 అయింది. పాటే ఆటని చెడగొట్టి ఉంటే, పాట ఆపగానే బాగుపడాలి కదా? ఇంట్లో ఏం తేడా వచ్చినా ఆడదాని ఉద్యోగం మీదకి తోసేసినట్టు, ఆటలో ఏం తేడా వచ్చినా పాట మీదకి తోసేయడం. అంతే.

డేమియన్ లిలార్డ్ ఇంకొకడు. ‘డేమ్ డోలా’ అనే పేరుతో 2016 నుంచి ఆల్బమ్‌లు తెస్తున్నాడు. 2023 ఫిబ్రవరిలో ఒక్క ఆటలో 71 పాయింట్లు కొట్టాడు. నీళ్ళలో పడ్డవాడిలా ఉన్నాడా మీకు?

రెండో కారణం, ‘పాట బాగోదు’ అని. ఇదొక్కటీ న్యాయమైన మాట. బాగోకపోతే బాగోలేదనే అనాలి. కోబీ బ్రయంట్ 2000లో పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకుని ఒక రాప్ పాట వదిలాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆల్బమ్ బయటికే రాలేదు. అక్కడితో కథ అయిపోయిందనుకున్నారు. అదే మనిషి 2015లో రిటైరవుతున్నానని చెప్పడానికి ఒక కవిత రాశాడు, దాని ఆధారంగా తీసిన చిన్న యానిమేషన్ సినిమాకి 2018లో ఆస్కార్ వచ్చింది. రాప్ పాడకపోతే ఆస్కార్ వచ్చేది కాదని నేననను. మొదటిసారి చేసింది బాగోలేదు కాబట్టి ఇంక ఆ మనిషి కలం ముట్టుకోకూడదు అనడం ఎంత తెలివితక్కువో చెబుతున్నానంతే. మొదటిసారి పోసిన దోసె చిరిగిందని పెనం అటక మీద పెట్టేస్తామా?

మూడోది కాస్త బలమైనదే. ‘రాత్రింబగళ్ళు కష్టపడే అసలు పాటగాళ్ళు గుమ్మం బయట నిలబడి ఉంటే, వీళ్ళు పేరు చూపించి లోపలికి దూరిపోతారు’ అని. నిజమే. షాక్‌కి ఆల్బమ్ చేసే అవకాశం అంత త్వరగా వచ్చిందంటే అది బంతి పుణ్యమే. నేను కాదనను. కానీ పేరు తలుపు తెరిపిస్తుంది గానీ కూర్చోబెట్టదు. కోబీకి లేని పేరా? మరి ఆ పాట ఎందుకు పోయింది? వినేవాళ్ళు వద్దన్నారు, పోయింది. పైగా తలుపు దగ్గర జరిగే అన్యాయానికి జవాబు చెప్పాల్సింది తలుపు తీసే కంపెనీలు. వాళ్ళని ఒక్క మాట అనకుండా పాడినవాడినే వెక్కిరిస్తే, గుమ్మం బయట ఉన్నవాళ్ళకి ఒరిగేదేముంది?

అసలు ఈ పాటల్లో ఏముంటుందో ఎప్పుడైనా విన్నారా? కార్లూ గొలుసులూ గొప్పలూ ఉంటాయి, లేవనను. కానీ 1994లో షాక్ ‘బయలాజికల్ డిడ్‌న్ట్ బాదర్’ అని ఒక పాట చేశాడు. కన్న తండ్రి పట్టించుకోలేదు, తల్లిని పెళ్ళి చేసుకున్న ఫిల్ హారిసన్ అనే సైన్యంలో సార్జెంటు తనని పెంచాడు, తనకి తండ్రంటే ఆయనే అని చెప్పే పాట. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, కోట్లు సంపాదిస్తున్నవాడు, లోకమంతా వినేలా సవతి తండ్రికి ‘నువ్వే నాన్నవి’ అని చెప్పుకున్నాడు. విలేకరులు మైకు పెడితే ఆ మాట వచ్చేదా? ఆట అయ్యాక అడిగేవన్నీ మోకాలు ఎలా ఉంది, రేపటి మ్యాచ్ ఎలా ఉంటుంది అనే కదా.

నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ ఆటగాడు మెంఫిస్ డిపాయ్ ఇంకొకడు. నాలుగేళ్ళప్పుడు తండ్రి వదిలేసి వెళ్ళిపోయాడని, చొక్కా మీద ఇంటిపేరు కాకుండా ‘మెంఫిస్’ అనే వేయించుకుంటాడు. అతనూ రాప్ పాడతాడు. చొక్కా వెనక ఒక్క పేరే పడుతుంది. మిగతా కథ ఎక్కడ చెప్పుకోవాలి మరి?

ఆడపిల్ల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థమే లేదు. ఫ్లాజే జాన్సన్. వాళ్ళ నాన్న జార్జియాలోని సవానా ఊళ్ళో కామఫ్లాజ్ అనే పేరుతో రాప్ పాడేవాడు. 2003 మేలో ఆయన్ని కాల్చి చంపేశారు. ఆ పిల్ల అదే ఏడాది నవంబరులో పుట్టింది. నాన్నని చూడనే లేదు. నాన్న పాటపేరులోంచే ఆమె పేరు వచ్చింది. 2018లో, పద్నాలుగేళ్ళకే, ‘అమెరికాస్ గాట్ టాలెంట్’ వేదిక మీద నిలబడి తను రాసుకున్న రాప్ పాడింది. తర్వాత లూసియానా స్టేట్ యూనివర్సిటీ జట్టులో చేరింది. షాక్ చదివిన కాలేజీ అదే. 2023లో ఆ జట్టు దేశం మొత్తానికి ఛాంపియన్ అయినప్పుడు ఆమె మొదటి సంవత్సరం విద్యార్థిని.

ఇప్పుడు చెప్పండి, ఆ పిల్లతో ‘బంతాట ఆడుకో తల్లీ, పాట నీకెందుకు’ అని ఏ నోటితో అంటారు? తండ్రి వదిలివెళ్ళిన ఆస్తి ఆ పాట. ఆ పిల్లని పెంచి, ఆటా పాటా రెండూ చూసుకుంటూ వెనక నిలబడింది తల్లి. ఆ తల్లి ఎన్నిసార్లు విని ఉంటుందో ‘రెండెందుకమ్మా, ఒకటి చాలదా’ అని! 2021 జులై దాకా అమెరికాలో కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు వాడుకుని సంపాదించడానికి రూల్స్ ఒప్పుకునేవి కావు. ఆ రూలు మారింది కాబట్టి సరిపోయింది.

ఇంకో తమాషా చూడండి. 2016 ఏప్రిల్ 3న కోల్‌కతాలో వెస్టిండీస్ ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకే రోజు టీ20 ప్రపంచకప్పులు గెలిచారు. బ్రావో ‘ఛాంపియన్’ పాటకి అందరూ కలిసి గంతులేశారు. పెళ్ళి రిసెప్షన్లలో మనమూ వేశాం. 2020 లాక్‌డౌన్లో డేవిడ్ వార్నర్ భార్యాపిల్లలతో ‘బుట్టబొమ్మ’కి డాన్స్ చేస్తే, సన్‌రైజర్స్ అబ్బాయి మనవాడైపోయాడు. ‘క్రికెట్ ఆడుకోక డాన్సెందుకు’ అని ఒక్కరన్నా అన్నారా? ఆయన ‘రాబిన్‌హుడ్’ సినిమాలో కనిపిస్తే కూడా మురిసిపోయాం.

తేడా ఎక్కడుంది? నాకు అర్థమైంది చెబుతాను. ఆటగాడు డాన్స్ చేస్తే మనకి వినోదం. రాప్ అంటే మాట. తన బతుకు గురించి, తన వీధి గురించి, తనకి జరిగిన అన్యాయం గురించి తనే చెప్పడం. అక్కడ వస్తుంది కోపం. 2018లో ఒక టీవీ వ్యాఖ్యాత లెబ్రాన్ జేమ్స్‌ని, రాజకీయాలు మాట్లాడాడని, నోరు మూసుకుని బంతి కొట్టుకోమంది. అతను పాడలేదు, మాట్లాడాడంతే. ‘పాటలెందుకు’ అనే మాటని కాస్త గీకి చూస్తే కింద ‘మాటలెందుకు’ అనే మాట కనిపిస్తుంది.

ఈ వాసన మనకి కొత్తా? వంటలు పెట్టినంత కాలం ‘అబ్బ, ఎంత బాగా రాస్తారో’ అన్న బంధువొకరు, అత్తాకోడళ్ళ గురించి, ఆడపిల్ల వాటా గురించి రాయడం మొదలుపెట్టగానే పేరంటంలో అందరి ముందూ ‘హాయిగా వంటలు రాసుకోక నీకివన్నీ ఎందుకే?’ అన్నారు. మాట అదే చూడండి, ఆట బదులు వంట, అంతే. మా పక్కింటావిడ యాభై దాటాక వీణ మొదలుపెడితే ‘తీరిక ఎక్కువైంది’ అన్నారు. అదే ఇంట్లో ఆయన కీబోర్డు కొనుక్కుంటే ‘ఎంత టాలెంటో, ఉద్యోగం వల్ల మరుగునపడింది పాపం’ అన్నారు. మగవాడి రెండో పని కళ, ఆడదాని రెండో పని తీరిక!

అయినా రెండు పడవల సామెత మనకి చెబితే ఎలా? ఆడవాళ్ళం ఎప్పుడు ఒక్క పడవలో ఉన్నాం? పొద్దున్నే కుక్కర్ పెట్టి, పిల్లాడికి ఎక్కాలు ఒప్పజెప్పించి, మామగారికి మాత్రలిచ్చి, ఆఫీసుకి లాగిన్ అయ్యేవాళ్ళం మనం. పక్కవాళ్ళకి పనికొచ్చే పడవలు ఎన్నయినా ఎక్కవచ్చు. మన మనసుకి నచ్చింది ఎక్కబోతేనే నీళ్ళు గుర్తొస్తాయి అందరికీ.

అలాగని పాడిందల్లా నెత్తిన పెట్టుకోమనడం లేదు. ఆలెన్ ఐవర్సన్ 2000లో చేసిన ఒక రాప్ పాటలో ఆడవాళ్ళనీ, స్వలింగ సంపర్కుల్నీ నీచంగా తిట్టాడు. జనం మండిపడ్డారు, లీగ్ పెద్దాయన డేవిడ్ స్టెర్న్ పిలిచి మందలించాడు, ఆ ఆల్బమ్ బయటికి రాలేదు. మంచిదే అయింది. కానీ గమనించండి, అక్కడ తప్పు అతను పాడడం కాదు, పాడిన మాట. మాట తప్పయితే మాటని పట్టుకుని కడిగేయండి, నేనూ మీతో వస్తాను. బూతుల్లేకుండా కూడా రాప్ రాయొచ్చని లిలార్డ్ చూపించాడు కదా.

ఇంకో షరతు కూడా ఉంది నాకు. ఆటకి పోను మిగిలిన గంటలన్నీ స్టూడియోలో గడిపే మగవాడి ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తున్నారో కూడా అడగాలి. రెండో పని హక్కు ఇంట్లో ఒక్కరికే ఉంటే అది హక్కు కాదు, భోగం. భర్తకి స్టూడియో ఉంటే భార్యకీ ఒక గది, ఒక గంట ఉండాలి.

కాబట్టి నా మనవి ఇదీ. రేపు కబడ్డీ ఆడే మీ అమ్మాయి పాట రాసుకొచ్చినా, కోడింగ్ చేసే మీ అబ్బాయి మృదంగం నేర్చుకుంటానన్నా, అరవై ఏళ్ళ మీ అత్తగారు కథ రాశానని సిగ్గుపడుతూ కాగితం చేతికిచ్చినా, ముందు కూర్చుని పూర్తిగా వినండి. బాగుంటే బాగుందనండి. బాగోకపోతే ఎక్కడ బాగోలేదో చెప్పండి, అదీ గౌరవమే. ‘నీకెందుకు’ అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాటతో ఎన్ని పాటలు గొంతులోనే ఉండిపోయాయో మన అమ్మమ్మల్ని అడిగితే చెబుతారు.