వంకర బిందువును దాచవలదు

నారాయణపేట మగ్గముపై పడుగులో నొక్క పోగు తెగినచో నేతగాడు చూడనట్లు నేత సాగింపడు. మగ్గమాపి, తెగిన చోటు వెదకి, అతికి, పిమ్మటనే నాడె నాడించును. ఈ నిజాయితీ మన పాఠశాలల ప్రయోగశాలలలో నెంతవరకు గలదో పాఠకులు యోచింపవలయును.

విద్యార్థి స్ప్రింగునకు 50, 100, 150 గ్రాముల బరువులు వరుసగా తగిలించి, అది సాగిన కొలత గ్రాఫు కాగితముపై గుర్తించును. కంటికిని, చేతికిని, కొలబద్దకును దోషము సహజము. కావున బిందువులు సూటిగా నొక వరుసన నిలువవు. అంతట బాలుడు బెదరి, ముందు గీత గీసి, దానికి సరిపోవునట్లు అంకెలు దిద్దును. మార్కులు వచ్చును, విద్య పోవును.

కొలతలు ముందు, గీత వెనుక: ఇదియే ధర్మము. మొదటి చివరి బిందువులను కలిపినంతనే సరిపోదు. ప్రతి బిందువునకును గీతకును గల నిలువు దూరమును వర్గము చేసి, అన్నిటిని కూడగా వచ్చు మొత్తము మిక్కిలి తక్కువగునట్లు గీయవలయును. ఈ కనిష్ఠ వర్గముల పద్ధతిని ఫ్రాన్సు దేశీయుడగు లెజాండ్రు 1805లో ప్రకటించెను. గీతను బలవంతముగా సున్న గుండా పోనీయుటయు తప్పే. చుట్లు బిగిసియున్న స్ప్రింగు కొంత బరువు పడువరకు సాగనే సాగదు. గీత సున్నకు దొలగుట ఆ సత్యమునే చెప్పును. పెద్ద బరువులకడ బిందువులన్నియు నొక వైపు వంగినచో, స్ప్రింగు తన హద్దు దాటినదని యెరుగవలయును. ఒంటరిగా దూరమున పడిన బిందువును మరల కొలువవలయును. విడిచినచో కారణము వ్రాయవలయును.

తెలుగు కుటుంబమున 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణిత మభ్యసించిన సి. ఆర్. రావుగారు 1945లో నొక గొప్ప హద్దును నిరూపించిరి. పక్షపాతములేని అంచనా యెంత నేర్పుతో గట్టినను, దాని అనిశ్చితి చేతనున్న కొలతలు అనుమతించు మేరకు మించి తగ్గదు. 2023లో వారికి అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము లభించినది. లేని నిశ్చయమును నటింపరాదనుటయే దీని నుండి మనము గ్రహింపదగిన నీతి.

నేడు స్ప్రింగు లెక్క దిద్దిన బాలుడు రేపు మన బావుల నీటిమట్టము లెక్క దిద్దడని యెవరు పూచీపడగలరు? అట్టి లెక్కను నమ్మి బోరు వేయించిన రైతు నష్టమును ఎవరు తీర్తురు? కావున ఉపాధ్యాయులు చక్కని గీతకు గాక, సత్యమైన కొలతకే మార్కు లీయవలయునని మేము కోరుచున్నాము.