లేని ఓడకూ లెక్క కావాలి



ఎన్నడూ ఎగరని ఓడకు కొలతలెందుకు? ఈ సంచిక తలపెట్టినప్పుడు మాలో మేం వేసుకున్న ప్రశ్న ఇది. 1975లో ‘స్టార్ ట్రెక్’ కథల్లోని అంతరిక్ష ఓడల కోసం ‘స్టార్ ఫ్లీట్ టెక్నికల్ మాన్యువల్’ గీసిన ఫ్రాంజ్ జోసెఫ్ విమానాల కంపెనీలో పనిచేసిన డిజైనర్. 1991లో స్టెర్న్‌బాక్, ఒకుడా తెచ్చిన మాన్యువల్‌లో ఆ కథల్లోని కొత్త ఎంటర్‌ప్రైజ్ ఓడకి 42 అంతస్తులు. ఇంజను ఎలా నడుస్తుందో, ప్రమాదమొస్తే సిబ్బంది ఎలా బయటపడాలో కూడా ఉంది.

అదే ఏడాది దర్శకుడు సింగీతం ‘ఆదిత్య 369’ సినిమాలో కాలయంత్రం చూపించారు. దాన్ని చూసి నోరెళ్లబెట్టిన పిల్లలెందరో ఇవాళ మన కొండాపూర్ ఆఫీసుల్లో కోడ్ రాస్తున్నారు. 2022 నవంబరు 18న హైదరాబాద్ సంస్థ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్ రాకెట్ శ్రీహరికోట నుంచి ఎగిరింది. 2024లో ‘కల్కి’ సినిమా కోసం చేసిన ఆరు టన్నుల కారు బుజ్జి నిజంగానే రోడ్డెక్కింది. ఊహకూ ఇంజనీరింగ్‌కూ మధ్య గోడ పలచబడుతున్న ఈ రోజుల్లో, ఊహకీ ఒక క్రమశిక్షణ ఉండాలన్నదే ఈ సంచికలోని రచనలన్నిటినీ కలిపే దారం.

చదివాక మీ ఓడనూ గీసి పంపండి. తలుపు ఎటు తెరుచుకుంటుందో, లోపలివాళ్లకు గాలి ఎక్కణ్ణుంచి వస్తుందో రాయడం మరవకండి.

- సంపాదకులు