పిచ్చుక గూటికి రేకు కావలి

పెంకుటిండ్లు తగ్గి డాబాలు పెరిగినకొలది పిచ్చుకకు చూరు కరువైనది. వరికంకుల కుచ్చులు వ్రేలాడగట్టి దానిని ఆదరించిన ఈ గోదావరి సీమలో నేడు కొందరు పెరడులలో చెక్కగూళ్ళు అమర్చుచున్నారు. 2010 నుండి మార్చి 20వ తేదీని ప్రపంచ పిచ్చుకల దినముగా జరుపుచున్నారు. సంతోషమే. కాని కావలి లేని గూడు ఆశ్రయము కాదు, ఉచ్చు అని మా అభిప్రాయము.

గుడ్లు పొదుగుటకు సుమారు 12 దినములు, పిల్లలు ఎగురుటకు మరి 15 దినములు పట్టును. ఇంతలో పిల్లి, ఎలుక, పాము ఏ రాత్రియైనను గూటికి ప్రాకవచ్చును.

విరుగుడు మనకు క్రొత్తది కాదు. ఎలుకలు కాయలను కొరకకుండ కొబ్బరిచెట్టుకు నున్నని రేకు చుట్టుట మన మండపేట విద్యార్థులు ఎరిగినదే. గూటికిని అదే సూత్రము. చెట్టుకు, గోడకు ఎనిమిదడుగుల ఎడముగా ఇనుప స్తంభముపై గూటిని నిలుపవలెను. నేలకు నాలుగడుగుల ఎత్తున, పైభాగము మూసిన జానెడు వెడల్పు రేకు గొట్టమును రెండడుగుల పొడవున స్తంభమునకు తొడుగవలెను. గ్రీజు పూయరాదు, అది ఈకలకంటిన పక్షికే చేటు. ద్వారము ముందు పుల్ల అమర్చరాదు. అది కాకికి పీట యగును.

పిల్లిని కొట్టవలదు, పామును చంపవలదు. పొలములో ఎలుకలను పట్టునది జెర్రిపోతే గదా! పిచ్చుకను కాచుటకు బ్రహ్మాస్త్రము అక్కరలేదు.

కళాశాల సంఘమువారు ఆవరణలో గూళ్ళు నిలుపదలచినచో ముందుగా రేకుల ఖర్చు వ్రాసికొనవలెను. పది గూళ్ళకు చాలని సొమ్ముతో కావలి గల నాలుగింటిని కట్టుదము. కాపాడలేని గూడు కట్టకుండుటయే మేలు.