ఆకాశంలో దగ్గరిదారి

ఢిల్లీకి, శాన్ ఫ్రాన్సిస్కోకు నడుమ దూరమెంత అని లెక్కల విభాగంలోని ఒక మిత్రుడు ఆ మధ్య అడిగారు. వారి అమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తున్నది. పుస్తకంలో ఒక అంకె ఉన్నది, వెళ్ళి వచ్చినవారు మరొక అంకె చెబుతున్నారు, ఏది నిజమని వారి సందేహం. రెండూ నిజమే.

గ్లోబుపై ఈ రెండు నగరాలను కలుపుతూ దారాన్ని బిగించి పట్టుకుంటే వచ్చే దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. ఆ దారం టిబెట్టును, సైబీరియాను దాటి, ఉత్తర ధ్రువానికి చేరువగా పోయి అమెరికాలో దిగుతుంది. విమానం మాత్రం ఆ దారం వెంట పోదు. ఆకాశంలో లోపలి గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దిగాలి. టిబెట్టులో నేలే సగటున 4,500 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక దిగడానికి చోటేది?

2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఈ నగరాల మధ్య నేరుగా విమానం నడపడం ప్రారంభించింది. అప్పటికి అది మనవంటి ప్రభుత్వరంగ సంస్థే. మొదట పడమటగా, అట్లాంటిక్ మీదుగా పోయేవారు. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరు 16న దిశ మార్చి, తూర్పుగా పసిఫిక్ మీదుగా నడిపారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణకాలమో, దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది!

భాగించి చూడండి. గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. ఆ బోయింగ్ 777 తన శక్తితో పోగలిగినది సుమారు తొమ్మిది వందలే. మిగిలినది గాలి ఇచ్చిన చేయూత. సుమారు 9 నుండి 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పునకు జెట్ ప్రవాహాలనే బలమైన గాలులు వీస్తుంటాయి. తూర్పుగా పోయేవారికి అవి వెనుకగాలి, పడమటగా పోయేవారికి ఎదురుగాలి. (1920లలోనే వీటిని కొలిచిన జపాను శాస్త్రజ్ఞుడు ఓయిషి తన పరిశోధనను ఎస్పెరాంటో భాషలో ప్రచురించారు. చదివినవారు బహు కొద్దిమంది.)

గాలి ఒక్కటే కాదు, సరిహద్దులు కూడా దారిని నిర్ణయిస్తాయి. 2019 ఫిబ్రవరి చివర పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసివేసింది. జులై 16న తెరిచేవరకు మన విమానాలు చుట్టు తిరిగాయి. జులై 2 నాటికే ఎయిర్ ఇండియా నష్టం 491 కోట్ల రూపాయలని ప్రభుత్వం రాజ్యసభకు తెలిపింది. అదనపు ఇంధనం, అదనపు సిబ్బంది, మధ్యలో మజిలీలు: ఏ ఉద్యోగి తప్పిదమూ లేకుండానే ఒక సంస్థ ఖాతాలో చేరిన నష్టమది. 2022 జనవరిలో ఆ సంస్థ టాటాల చేతికి వెళ్ళింది. 2025 ఏప్రిల్ 24న మళ్ళీ అదే మూసివేత, మళ్ళీ పడమటి ప్రయాణాలకు చుట్టుదారి.

మిత్రునికి ఇదంతా చెప్పాను. వారి శ్రీమతికి మోకాళ్ళ నొప్పులు. కనుక టిక్కెట్టు కొనేముందు కిలోమీటర్లు అడగవద్దని, విమానం ఏ దిక్కుగా పోతుందో, నడుమ ఎక్కడ ఆగుతుందో, మొత్తం ఎన్ని గంటలో అడగమని సలహా ఇచ్చాను. తిరుగు ప్రయాణానికి వేరుగా అడగాలని కూడా చెప్పాను. ఆ గంటలు వేరే ఉంటాయి.