ఏ కొలువైనా, ఏ వాద్యమైనా

ఒకచోట నిలవనివాడికి మన సంఘంలో మర్యాద తక్కువ. గుమాస్తా అయినా అంతే, వాద్యగాడైనా అంతే. తొండుపల్లి మీదుగా శంషాబాదు విమానాశ్రయానికి పోయే కుర్రవాడి భుజాన గిటారు పెట్టె కనబడిందా, "ఇది ఎన్నో బ్యాండు నాయనా?" అని అడగనివారు అరుదు.

ఇంగ్లండులో స్టీవ్ విన్‌వుడ్ అని ఒకాయన వున్నాడు. 1963లో పదిహేనేళ్ల ప్రాయంలో స్పెన్సర్ డేవిస్ బృందంలో చేరాడు. 1967లో ట్రాఫిక్, 1969లో బ్లైండ్ ఫెయిత్. ఆర్గను, గిటారు, గాత్రం, ఏది కావాలంటే అది. 1980లో అన్ని వాద్యాలూ తానే వాయించి ఒక రికార్డు తెచ్చాడు. రాక్ సంగీతం వాళ్లు దీన్ని గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. కాని సాలూరి రాజేశ్వరరావుగారి కథ తెలిసిన తెలుగువాడికి ఇందులో ఆశ్చర్యం అంతగా వుండదు.

ఆయన 1922లో సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు. తండ్రి సన్యాసిరాజుగారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలుకు మృదంగం వాయించినవారు. ఇక లయ కోసం పిల్లవాడు వీధి గడప దాటనక్కరలేకపోయింది. చిన్నతనంలోనే హచ్చిన్స్ కంపెనీ రికార్డులిచ్చి, 1935లో "శ్రీకృష్ణలీలలు"లో కృష్ణుడయ్యారు. ఎదుట కంసుడు వేమూరి గగ్గయ్యగారు! పద్యాలు పాడుకుంటూ హాయిగా బతికేయవచ్చు. ఆయన కలకత్తా వెళ్లారు. న్యూ థియేటర్స్ వారి కాలమది. పంకజ్ మల్లిక్, సైగల్ పాటలు ఊరంతా మోగుతున్నాయి. హార్మోనియం, తబలాలకు తోడు సితారు, మాండలిను, గిటారు చేరాయి. మదరాసులో బాలసరస్వతీదేవిగారితో పాడిన లలితగేయాల్లో ఆ బెంగాలు గాలి తెలుస్తూనే వుంటుంది.

తరువాత జెమినీ. 1948 నాటి "చంద్రలేఖ" డోళ్ల నాట్యం చూసినవారికి చెప్పనక్కరలేదు. వాహినీలో "మల్లీశ్వరి" 1951లో, విజయాలో "మిస్సమ్మ" 1955లో. బృందావనం పాట వరసను హేమంత్ కుమార్ తన హిందీ "మిస్ మేరీ"లో అలాగే వుంచుకున్నారు.

ఇన్ని వాద్యాలు చేతనైతే ఒరిగేదేమిటంటారా? హార్మోనియం ఒక్కటే తెలిసినవాడికి ప్రతి వరసా మెట్ల మీదే నడుస్తుంది. సితారు పట్టినవాడికి స్వరానికీ స్వరానికీ నడుమ జారుడు తెలుసు. "పూజాఫలం" (1964)లో "పగలే వెన్నెల" వినండి. రాగం హిందోళం, తెరమీద వాద్యం పియానో. పియానోకు గమకం చేతకాదు. అందుకని దానికి నిటారు నడక మాత్రం అప్పగించి, జారవలసిన చోట్లు జానకిగారి గొంతుకు వదిలారు. రెంటి బలహీనతా ఎరిగినవాడికే ఈ పంపకం తెలుస్తుంది.

కొలువులు మారడంలో నష్టం లేకపోలేదు. "మాయాబజార్" (1957)కు నాలుగు పాటలకు వరసలు కట్టి ఆయన తప్పుకున్నారు. "లాహిరి లాహిరి" వాటిలో ఒకటి. తక్కిన పాటలు కట్టి, అన్నిటికీ వాద్యాలు కూర్చి రికార్డు చేసినవారు ఘంటసాల. తెరమీద పేరూ ఆయనదే. ఘంటసాలవారి పని చిన్నదనను. కాని వెన్నెల్లో ఆ పడవ సాగినప్పుడల్లా ఒక్క పేరే తలచుకోవడం నాకు న్యాయంగా తోచదు.

రాజేశ్వరరావుగారు 1999లో పోయారు. కుమారులు సంగీతంలోనే స్థిరపడ్డారు. వారిలో కోటి, రాజ్‌తో జంటగా సినిమాలకు పనిచేశారు. ఆ జంట దగ్గర కీబోర్డు వాయించినవారిలో దిలీప్ అనే మదరాసు కుర్రవాడొకడు. అతనూ ఒక్క బృందాన్ని పట్టుకు కూర్చున్నవాడు కాదు. 1992లో "రోజా" వచ్చేనాటికి అతని పేరు ఏ.ఆర్. రెహమాన్.