ఆ పాట కట్టింది మన బాల్యం కాదు

బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో నలభై దాటిన మగవాళ్లు నలుగురు చేరితే ఈమధ్య ఒక భజన తప్పడం లేదు. ఎవరో ఒకరు ఫోన్లో మారియో పాట పెడతారు. మిగతావాళ్లు కళ్లు మూసుకుంటారు. "ఏముందిరా అందులో, నాలుగు బీపులు! అయినా ఎంత హాయి! హోమ్ కంప్యూటర్ల రోజులే రోజులు. ఇప్పటి ఆటల్లో సంగీతం ఎక్కడ ఏడ్చింది?" అని నిట్టూరుస్తారు. పాఠకులారా, ఈ మాట మీరూ విన్నారు, బహుశా అన్నారు కూడా. కాస్త విచారణ చేద్దాం.

ముందు ఆ హోమ్ కంప్యూటరు సంగతి. ఎవరింట్లో ఉందది? కమొడోర్ 64, స్పెక్ట్రమ్ రెండూ 1982లో వచ్చాయి. టేపు తిరుగుతుంటే కీచుశబ్దం వింటూ ఆట ఎక్కేదాకా కాచుక్కూర్చోవడం ఇంగ్లండు పిల్లల జ్ఞాపకం. ఇంటర్నెట్‌లో చదివి దాన్ని మనవాళ్లు అరువు తెచ్చుకున్నారు. ఇక్కడ మామూలు ఇళ్లకు కంప్యూటరంటే కోర్సు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో ఉండే వస్తువు. చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి వెళ్లాలి. సారు అటు తిరిగినప్పుడు డేవ్, ప్రిన్స్ లాంటి ఆటలు ఆడితే ఆడినట్టు. అందులో స్పీకరు ఒక సమయంలో ఒక్క స్వరమే పలికేది. దాన్ని తలుచుకుని పరవశించేవాణ్ణి నేనైతే చూడలేదు.

మనకు దక్కింది టీవీకి తగిలించే వీడియో గేమ్. జపాన్‌లో నింటెండో 1983లో ఫ్యామికామ్ విడుదల చేసింది. దిగుమతి ఆంక్షల వల్ల మన దేశంలో దాన్ని కిట్లుగా తెచ్చి, ఇక్కడ బిగించి, సామురాయ్ పేరుతో అమ్మారు. మన ఊళ్లకు చేరినవి మాత్రం ఎక్కువగా దాని నకళ్లు. లిటిల్ మాస్టర్, మీడియా లాంటి పేర్లు గుర్తుండే ఉంటాయి. అవి కూడా కొనగలిగిన ఇళ్లెన్ని? ఎక్కువమంది ఆడింది గంట లెక్కన డబ్బు కట్టించుకునే షాపులో. ఆ షాపులో ఆడపిల్ల ఎప్పుడైనా కనిపించిందా? నాగాయలంక అవతలి పల్లెల పిల్లలకు ఆ షాపు ఎంత దూరం? "మనందరి బాల్యం" అనేముందు ఆ "అందరూ" ఎవరో లెక్క చూసుకోవాలి.

ఇక ఆ జ్ఞాపకం ఎంత నమ్మదగినదో చూడండి. 9999999 ఆటలన్న క్యాసెట్టు గుర్తుందా? అందులో ఉన్నవి గుప్పెడు ఆటలు. వాటినే వేర్వేరు స్టేజీల నుంచి మొదలెట్టి అంకె పెంచారు. వాటిలో ఒక రకం క్యాసెట్టు మెనూ తెరవగానే వచ్చే మెల్లని పాటకు కన్నీళ్లు పెట్టుకునేవాళ్లున్నారు. అది ఏ ఆట పాటా కాదు. 1955లో ఒక హాలీవుడ్ సినిమా కోసం అలెక్స్ నార్త్ కట్టిన "అన్‌చెయిన్డ్ మెలొడీ". 1990 నాటి "ఘోస్ట్" సినిమాతో మళ్లీ ఊరూరా మోగింది. పైరసీవాళ్లు దాన్ని ఎత్తుకొచ్చి మెనూకి అతికించారు. వీడియో గేమ్ సంగీతమని మన మిత్రులు పూజిస్తున్నది ఇదా?

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. ఆ క్యాసెట్లలోని ఆటలు సెకనుకు 60 సార్లు తెర మారే జపాన్, అమెరికా టీవీల కోసం రాసినవి. మన టీవీ మారేది 50 సార్లు. మారియోలో పాట ఆ తెర లెక్కతోనే నడుస్తుంది. అందుచేత 50 లెక్కకు తయారైన నకలు యంత్రంలో నిమిషం పాట 72 సెకన్లు పట్టేది. అంటే వీళ్లు కళ్లు మూసుకుని తలుచుకునే ఆ "అసలైన" పాట అసలు వేగంలో వీళ్ల చెవిన పడనే లేదు! ఇప్పుడు యూట్యూబులో విని "ఇదేంటి, పరిగెత్తుతోంది" అనేవాళ్లకు జవాబు ఇదే.

సరే, "నాలుగు బీపులు" అన్న మాటకొద్దాం. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆ యంత్రంలో శబ్దానికి ఐదు దారులున్నాయి. పాటకు పనికొచ్చే గొంతులు రెండు, కింది స్వరానికి ఒకటి, దరువుకు సరిపోయే "ష్" శబ్దం ఒకటి, రికార్డు చేసిన చిన్న ముక్కకు ఒకటి. కింది స్వరం ధ్వని పెంచడానికీ తగ్గించడానికీ వీల్లేదు. ఆటలో దూకినా, నాణెం దొరికినా ఆ శబ్దం ఒక గొంతును లాక్కుంటుంది. అయినా పాట కుంటకూడదు. ఇంత ఇరుకులో 1985లో మారియో ఆట కోసం 24 ఏళ్ల కుర్రాడు కోజీ కొండో ఏం చేశాడు? నేల మీద పరిగెత్తేటప్పుడు అడుగుకు ఊపిచ్చే పాట కట్టాడు. నీళ్లలోకి దిగగానే తాళాన్ని మూడు దెబ్బల వాల్ట్‌జ్‌కు మార్చి ఈదించాడు. నేలమాళిగలో నాలుగు ముక్కలు వాయించి మధ్యలో నిశ్శబ్దం వదిలాడు. గడువు వందకు దిగగానే అదే పాటను ఉరికించి ఆడేవాడి గుండె దడదడలాడించాడు. ఆట మొత్తం, బొమ్మలూ పాటలూ అన్నీ కలిపి, 40 కిలోబైట్లు. మీ వాట్సాప్‌కు వచ్చే శుభోదయం బొమ్మ అంతకన్నా పెద్దది. దీన్ని నాలుగు బీపులంటారా? వినే చెవి లేక అనాలి, లేదా వినే ఓపిక లేక.

కాస్త చదువుకున్నవాళ్లు వేరే వాదం తెస్తారు. "ఆ పరిమితులే ఆ సంగీతాన్ని పుట్టించాయి" అంటారు. వినడానికి బాగుంటుంది. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాలను తీసుకోండి. ఆయన తొలినాళ్లలో గ్రామఫోను రికార్డుకు పక్కకు మూడు నిమిషాల చిల్లరే. ఆ ఇరుకు ఆయనతో పాటు ఆనాటి గాయకులందరికీ ఉంది. అందరూ ఘంటసాలలయ్యారా? రికార్డు పొట్టిదవడం వల్లే ఆయన పాట గొప్పదయిందని ఈ గుడివాడలోనే ఒకసారి అని చూడండి, ఊరుకుంటారేమో! పరిమితి అందరికీ సమానమే అయినప్పుడు తేడా ఎవరిది? మారియో వచ్చిన ఫ్యామికామ్ మీదే వచ్చిన ట్యాంకులాట, అదే 1985 నాటి "బ్యాటిల్ సిటీ", స్టేజీ మొదట్లో చిన్న ముక్క వాయించి ఆ తర్వాత ఇంజను మోత తప్ప ఏమీ వినిపించదు. అందులో పరిమితి ఏ సంగీతాన్ని పుట్టించింది?

ఇప్పటి ఆటల్లో సంగీతం లేదన్న ఆరోపణకు ఎక్కువ స్థలం దండగ. అనేవాళ్లు ఇప్పుడు ఆడేది ఫోన్లో రమ్మీ, అదీ సౌండు ఆపేసి. 2005 నాటి "సివిలైజేషన్ 4" ఆటకు క్రిస్టఫర్ టిన్ స్వాహిలీ భాషలో కట్టిన "బాబా యేతు"కు 2011లో గ్రామీ వచ్చింది. వినకుండానే తీర్పు చెప్పే హక్కు వీళ్లకెవరిచ్చారు? ఆనాడు వీడియో గేమ్ షాపు గడపలో చెవి మెలేసి లాక్కెళ్లిన పెద్దలు అన్న మాటలే ఈనాడు కొడుకు చేతిలో ఫోను చూసి వీళ్లు అంటున్నారు. సాయంత్రం మళ్లీ మారియో పెట్టుకుని నిట్టూర్పులు!

ఈ నిట్టూర్పు వల్ల జరిగే నష్టం చిన్నదేం కాదు. పాట బాగుండటానికి కారణం మన చిన్నతనమే అనేసరికి, పాట కట్టినవాడు కనిపించకుండా పోతాడు. మారియో ఆట చివర పనిచేసినవాళ్ల పేర్లు వేయలేదు. పైరసీ క్యాసెట్లు కంపెనీ పేరు కూడా చెరిపేశాయి. మిగిలిన పని మన జ్ఞాపకం పూర్తిచేసింది. ముప్పై ఏళ్లుగా ఈ పాట కూనిరాగం తీస్తున్నవాళ్లను కోజీ కొండో ఎవరని అడగండి. ఏదో కరాటే సినిమా హీరో అనుకుంటారు.

అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2023లో ఈ పాటను భద్రపరచాల్సిన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. వీడియో గేమ్ సంగీతం ఆ జాబితాకెక్కడం అదే మొదలు. అక్కడ పాట పక్కన స్వరకర్తగా కొండో పేరు, 1985 అన్న ఏడాది ఉన్నాయి. ఈసారి మీ గ్రూపులో ఆ క్లిప్పు పంపేటప్పుడు మీరూ కింద ఆ పేరు రాయండి. రాసి, ఒక్కసారి అసలు వేగంలో, మొదటి నుంచి చివరిదాకా, మాట్లాడకుండా వినండి.