ముద్ద మింగితే దిగిపోదు

చేపల కూర వండిన రోజు ఎవరి గొంతులోనైనా ముల్లు గుచ్చుకుంటే మన ఇళ్లలో వైద్యం అక్కడికక్కడే మొదలవుతుంది. "ఉత్త అన్నం ముద్ద చేసి నమలకుండా మింగు, దిగిపోతుంది" అంటుంది పెద్దావిడ. అరటిపండు తెమ్మంటారు ఇంకొకరు. మూడో ముద్దకు కాస్త సర్దుకున్నట్టనిపిస్తుంది. అందరూ మళ్లీ కూర మీద పడతారు. పుస్తెలమ్మైనా పులస తినాలనే గోదావరి సీమలో, ఒళ్లంతా సన్నముళ్లున్న ఆ చేపను చూసి జంకేవాళ్లుండరు. ముల్లు ఏరుకోవడం చిన్ననాడే వేళ్లకు అబ్బే విద్య. గుచ్చుకున్న ముల్లును ఏం చేయాలన్నది మాత్రం మనకింకా అబ్బలేదు.

ముద్ద వైద్యానికి మంచి పేరు రావడానికి కారణముంది. పొరపాటున మింగినవాటిలో నూటికి 80 నుంచి 90 దాకా వాటంతటవే కడుపు దాటి బయటికి పోతాయి. 10 నుంచి 20 దాకా ఎండోస్కోపీతో తీయాల్సి వస్తుంది. కోత దాకా వెళ్లేది నూటికి ఒకటో, అంతకంటే తక్కువో. ముద్ద మింగకపోయినా పోయేవే ఎక్కువ కాబట్టి, ఆ ఘనత ముద్ద ఖాతాలో పడింది. కానీ గుండ్రటి నాణేనికీ, మొనదేలిన ముల్లుకూ ఒకటే లెక్క కుదరదు. అడ్డంగా గుచ్చుకున్న ముల్లు మీద ముద్ద వేస్తే అది ఇంకాస్త లోతుగా దిగబడవచ్చు, దారిలో గోడను చీరవచ్చు.

పిల్లవాడు బటన్ బ్యాటరీ మింగాడంటే ఇల్లంతా ఆసుపత్రికి పరుగెడుతుంది, పరుగెత్తాలి కూడా. పెద్దవాళ్ల సంగతి వేరు. చాలామందికి తాము మింగిన సంగతే తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పుకోవడం నామోషీ. "ఈ వయసులో కట్టుడు పన్ను మింగానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అని రెండు రోజులు ఓర్చుకునే పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. మింగిన వస్తువు కంటే ఈ మౌనమే ఎక్కువ చెరుపు చేస్తుందని నా అభిప్రాయం.

'వైన్స్‌బర్గ్, ఒహాయో' కథలతో పేరుపొందిన అమెరికన్ రచయిత షేర్‌వుడ్ ఆండర్సన్ 1941 ఫిబ్రవరి చివర్లో భార్యతో కలిసి న్యూయార్క్‌లో ఓడెక్కి దక్షిణ అమెరికాకు బయల్దేరాడు. ఓడలోనే కడుపునొప్పి మొదలైంది. పనామాలో దించి కోలోన్ ఆసుపత్రిలో చేర్చారు. మార్చి 8న, 64 ఏళ్ల వయసులో చనిపోయాడు. శవపరీక్ష చేస్తే, ఎప్పుడో మింగిన పళ్లపుల్ల పేగుకు చిల్లు పొడిచిందని తేలింది. ఏ విందులోనో చిరుతిండికి గుచ్చిన పుల్ల అయి ఉంటుందంటారు. మన పెళ్లివిందుల్లో ఇప్పుడు స్టార్టర్లకు పుల్ల, మీఠా కిళ్లీ విడిపోకుండా ఇంకో పుల్ల. ఒకప్పుడు కిళ్లీకి లవంగం గుచ్చేవారు, నమిలేసినా పోయేది. పుల్ల అలా కాదు. కబుర్లలో పడి కిళ్లీ నోట్లో వేసుకునేవాడికి అది గుర్తుండదు.

లోపల జరిగేదేమిటంటే, గొంతు నుంచి కడుపు దాకా ఉన్న అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల గొట్టం. దాని మొదట్లో, నడిమిన పెద్ద ధమని ఒరుసుకుపోయే చోట, కింద కడుపులో కలిసే చోట అది ఇరుకవుతుంది. మింగినవి ఎక్కువగా ఆగేది అక్కడే. మొనదేలినదైతే గోడకు చిల్లుపడి ఛాతీలో చీము పట్టవచ్చు. అరుదుగానైనా ముల్లు పక్కనున్న ధమనినే తాకుతుంది. అప్పుడు ముందు కొద్దిగా రక్తం కక్కుకుంటారు, తర్వాత కొన్ని గంటలో రోజులో ఏ బాధా ఉండదు, ఆ మీదట ఒక్కసారిగా ఆగని రక్తస్రావం. ఈ వరసను హాన్స్ కియారీ అనే వైద్యుడు 1914లోనే వివరించాడు. మధ్యలో వచ్చే ఆ తెరిపి చూసి తగ్గిపోయిందనుకోవడమే ప్రాణం మీదికి తెస్తుంది.

అన్నవాహిక దాటితే గండం గడిచిందనీ అనుకోలేం. చంటిపిల్లల పొట్ట నిమిరి వాతాపి జీర్ణం అంటాం గానీ, వాతాపిని అరిగించుకున్నది అగస్త్యుడొక్కడే. అంతకుముందు తిన్నవాళ్ల పొట్టలన్నీ వాడు చీల్చుకునే వచ్చాడు. పేగు మలుపులో తట్టుకున్న ముల్లు ఒక్కోసారి వారాల తర్వాత గోడ దాటి కాలేయంలో చీముగడ్డగా బయటపడుతుంది. అప్పటికి ఆ చేపల కూర ఎవరికి జ్ఞాపకం? పైగా చెక్క, ప్లాస్టిక్ మామూలు ఎక్స్‌రేలో కనిపించవు. చేపముల్లు కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. సీటీ స్కాన్ నయం, అదీ ఫలానాది వెతకమని చెబితేనే. "ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు" అని నిశ్చింతగా ఇంటికొచ్చేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక మన ఊళ్లలో కొత్తగా ఆలోచించాల్సింది మందుల షాపు కత్తెర గురించి. "బీపీ బిళ్లలు నాలుగివ్వు బాబూ" అంటే షాపతను పదింటి షీటును చకచకా కోసి, ముక్కల్ని చిన్న కాగితం కవర్లో వేసిస్తాడు. ఒక్క బిళ్లతో మిగిలిన ఆ ప్లాస్టిక్ ముక్కను వేళ్లతో తడిమి చూడండి. నాలుగు మూలలూ గోటిని గీరేంత పదును. అరడజను మందులు ఒకే గుప్పిట్లో వేసుకునే పెద్దాయన, చూపు ఆననివాడు, అంగిట్లో కట్టుడు పళ్ల పలక ఉండటంతో నోట్లో ఏముందో స్పర్శ తెలియనివాడు, దాన్ని రేకుతో సహా మింగేయడం వింతేమీ కాదు. జపాన్‌లో ఇలాంటి ప్రమాదాలు ఎక్కువై, 1996లో అక్కడి మందుల కంపెనీలు చింపే గీత ఒక దిక్కునే ఉండేలా షీట్లను మార్చాయి. ఒక్కో బిళ్లగా విడిపోకూడదన్నదే ఉద్దేశం.

మన దగ్గర 2023లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీనికి ఎదురు దిక్కున ఆలోచించినట్టు వార్తలొచ్చాయి. ప్రతి బిళ్ల మీదా గడువు తేదీ ఉండాలి, ఒక్కొక్కటిగా చింపుకునే వీలుండాలి అని. షీటు మొత్తం కొనలేని పేదవాడికి అది మేలే, కాదనను. కానీ మూలలు గుండ్రంగా ఉండాలన్న షరతు కూడా అందులో చేర్చాలి. ఫిలడెల్ఫియా వైద్యుడు షెవాలియర్ జాక్సన్ జనం గొంతుల్లోంచి, ఊపిరితిత్తుల్లోంచి తీసిన 2,374 వస్తువులు అక్కడి మ్యూటర్ మ్యూజియంలో సొరుగుల్లో ఉన్నాయి. తీయడంతో ఆయన ఊరుకోలేదు. క్షార ద్రావకాలు తాగి గొంతులు కాలిన పిల్లల్ని చూసి, డబ్బాలపై హెచ్చరిక ఉండాలని పోరి 1927లో అమెరికాలో చట్టం తెప్పించాడు. ఆ పట్టుదల మన వైద్యసంఘాలకూ ఉండాలి.

చట్టం వచ్చేలోగా చేయదగ్గది ఇంట్లోనే ఉంది. పెద్దవాళ్లకు బిళ్ల రేకులోంచి ఊడదీసి చేతిలో పెట్టండి. వదులైన కట్టుడు పళ్లు సరిచేయించండి, రాత్రి తీసి పెట్టమనండి. ఏదైనా గుచ్చుకుంటే తిండీ నీళ్లూ ఆపండి. కడుపు ఖాళీగా ఉంటే ఎండోస్కోపీ సులువు. ఉమ్మి మింగలేకపోయినా, ఛాతీ నొప్పో జ్వరమో వచ్చినా, రక్తం పడినా ఇక ఆలోచించకండి. అన్నవాహికలో మొనదేలినది ఇరుక్కుంటే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా ఆరు గంటల్లోపు తీయాలని యూరప్ ఎండోస్కోపీ వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. డాక్టరు దగ్గర ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో, కట్టుడు పళ్లు లెక్క సరిపోయిందో లేదో, వేసుకున్న బిళ్లల ఖాళీ రేకులు ఎన్నున్నాయో చెప్పండి. ఈ నాలుగు ముక్కలకు నిమిషం పట్టదు. దాచుకుంటే అదే సంగతి కనిపెట్టడానికి స్కానింగులకు వేలు పోతాయి, చేతిలో ఉన్న ఆ ఆరు గంటలూ పోతాయి.